ప్రభుత్వ ఇల్లు, బిల్లు, లెక్క: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల లబ్ధిదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

మంజూరైన ఇల్లు మధ్యలో ఆగినా, జాబితాలో పేరు మాయమైనా, మన పేరున వచ్చిన సిమెంటు మనకు చేరకపోయినా చాలామంది చేసే పని ఒకటే. ఆఫీసుకు వెళ్లి "ఎందుకిలా అయింది సార్?" అని అడుగుతారు. జవాబు నోటిమాటగా వస్తుంది, మరుసటి వారానికి మారిపోతుంది. అడగాల్సింది కారణం కాదు, కాగితం. ఏ కాగితం, ఏ ఆఫీసులో ఉంటుంది, దాన్ని ఏ పేరుతో అడగాలి అన్నదే ఈ ప్రశ్నలన్నింటి సారం.

నా ఇల్లు ఏ సంస్థ చేతిలో ఉందో ఎలా తెలుస్తుంది?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. అర్జీ తప్పు ఆఫీసుకు వెళ్తే నెలలు పోతాయి.

సొంత స్థలంలో గాని, ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల పట్టాలో గాని మీరు కట్టుకునే ఇల్లు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థది. ఇది 1979లో ఏర్పడిన ప్రభుత్వ కంపెనీ. జిల్లా కేంద్రంలో హౌసింగ్ పీడీ (ప్రాజెక్టు డైరెక్టర్) ఆఫీసు, ఆ కింద ఈఈ, డీఈ అనే ఇంజినీర్లు, మండలంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ దీని పని చూస్తారు. పట్టణంలో మూడంతస్తుల పైకి కట్టిన అపార్టుమెంట్లు, అంటే 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, టిడ్కో అనే మరో ప్రభుత్వ సంస్థవి. వాటి కేటాయింపు, బ్యాంకు రుణం, వాటా సొమ్ము వ్యవహారం టిడ్కో దగ్గర, మున్సిపాలిటీ దగ్గర ఉంటుంది. హౌసింగ్ ఏఈని అడిగితే ఆయన దగ్గర ఏమీ ఉండదు. ఇక హౌసింగ్ బోర్డు వేరే చట్టం కింద పనిచేసే మూడో సంస్థ. అది ప్లాట్లు, ఇళ్లు డబ్బుకు అమ్ముతుంది.

పట్టా మాత్రం ఎప్పుడూ రెవెన్యూ వారిదే. స్థలం హద్దులు, పట్టా రద్దు, ఒకే ప్లాటు ఇద్దరికి రాసిన గొడవలకు తహసీల్దారు ఆఫీసే చిరునామా.

లబ్ధిదారుల జాబితా చూపించమంటే "మీకెందుకు" అంటున్నారు. చూసే హక్కు ఉందా?

ఉంది. అసలు అడగకుండానే బయట పెట్టాల్సిన జాబితా అది. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా 17 అంశాలను తనంతట తాను ప్రకటించాలి. అందులో పన్నెండోది రాయితీ పథకాల అమలు తీరు, కేటాయించిన సొమ్ము, లబ్ధిదారుల వివరాలు. పదహారోది సమాచార అధికారుల పేర్లు, హోదాలు. ఆఫీసులో ఈ వివరాల బోర్డు లేకపోతే అదే ఒక ఉల్లంఘన. సమాచార హక్కు దరఖాస్తులో మొదటి వాక్యంగా ఆ మాట రాయండి.

గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్లయితే ఫోన్లోనే చూడొచ్చు. పీఎంఏవై-జీ వెబ్‌సైట్‌లో ఆవాస్‌సాఫ్ట్, రిపోర్టులు, సోషల్ ఆడిట్ రిపోర్టులు అనే వరుసలో వెళ్తే లబ్ధిదారుల తనిఖీ వివరాలు అన్న పేజీ వస్తుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఊరి జాబితా మొత్తం తెరుచుకుంటుంది. ఎవరికి మంజూరైంది, ఏ దశలో ఉంది, ఎంత విడుదలైంది, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ప్రింటు తీసి గ్రామసభలో చదివించండి. పూర్తయినట్టు చూపిన ఇంటి స్థలంలో పునాది కూడా లేకపోతే ఆ సంగతి బయటపడేది అక్కడే.

బిల్లు పడలేదు. "పైనుంచి రాలేదు" అంటున్నారు. ఎక్కడ ఆగిందో ఎలా కనిపెట్టాలి?

కొన్నిసార్లు నిధులు నిజంగానే పైనుంచి రావు. కానీ ఆ మాట వెనుక వేరే కారణాలు కూడా దాక్కుంటాయి. బిల్లు నడిచే దారి తెలిస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో మీరే చెప్పగలరు.

ఇల్లు దశలవారీగా లెక్క: బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబ్, పూర్తి. మీరు ఒక దశ ముగించాక ఇంజినీరింగ్ అసిస్టెంట్ వచ్చి యాప్‌లో ఫోటో తీస్తారు. ఆ ఫోటోకు స్థలం అక్షాంశ రేఖాంశాలు అతుక్కుంటాయి. ఏఈ చూసి ఆమోదిస్తారు, ఆపైన డీఈ, తర్వాత జిల్లా కార్యాలయం. చివరికి చెల్లింపు ఉత్తర్వు తయారై సొమ్ము మీ ఖాతాకు బయలుదేరుతుంది.

మొదటి మెట్టులో ఎక్కువగా జరిగే పొరపాటు ఇది: ఇల్లు స్లాబ్ దాకా వచ్చినా కంప్యూటర్లో ఇంకా రూఫ్ లెవెల్ అనే ఉంటుంది. అది నిధుల కొరత కాదు, దశ నమోదు కాకపోవడం. రెండోది ఫోటో తిరస్కరణ. మొదట జియోట్యాగ్ చేసిన చోటికీ ఇప్పటి చోటికీ తేడా వస్తే ఫోటో ఆగిపోతుంది. లేఅవుట్లో పక్క ప్లాటులో పునాది తీసినవారికి ఇది తప్పదు. మూడోది బ్యాంకు దగ్గర. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో సొమ్ము మీరు ఇచ్చిన పాస్‌బుక్‌ ఖాతాకే పోవాలని లేదు. ఆధార్‌ను చివరిసారిగా ఏ ఖాతాకు అనుసంధానం చేశారో దానికే పోతుంది. చెన్నైలోనో హైదరాబాదులోనో పనికి ఉన్నప్పుడు తెరిచి మరిచిపోయిన ఖాతాలో విడత సొమ్ము కూర్చుని ఉండటం మన జిల్లాల్లో మామూలే. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఆపైన పీఎఫ్ఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ) సైట్‌లో చెల్లింపు స్థితి చూసుకోవచ్చు.

కాబట్టి ఏఈని "బిల్లు ఎప్పుడు పడుతుంది" అని అడగొద్దు. "నా ఇంటి మంజూరు ఐడీ మీద ఆన్‌లైన్లో ఏ దశ చూపిస్తోంది, ఆ దశ ఏ తేదీన నమోదైంది, చెల్లింపు ఉత్తర్వు పుట్టిందా, పుడితే దాని నంబరు ఎంత" అని అడగండి. నాలుగు ప్రశ్నలకూ తెర మీద జవాబు ఉంటుంది. రాసుకోండి.

నాకు మొత్తం ఎంత రావాలి?

మీ మంజూరు ఏ పథకం కింద ఉందో చూడండి, ఎందుకంటే ఒకే వీధిలో మూడు రకాలు ఉంటాయి. 2020 తర్వాత లేఅవుట్లలో మంజూరైన ఇంటికి యూనిట్ విలువ 1.80 లక్షల రూపాయలు. అందులో 30 వేలు ఉపాధి హామీ కూలి కింద వచ్చేది. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, కొండ ప్రాంతం, కష్టతర ప్రాంతాలకు 1.30 లక్షలు. కూలి దీనికి అదనం. కొండ సవరలు, గదబలు వంటి ఆదిమ గిరిజన తెగలకు పీఎం జన్‌మన్ కింద 2 లక్షలు. వీటికి తోడు మధ్యలో ఆగిన ఇళ్లకు 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది: బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగలకు లక్ష.

ఇచ్చిన సిమెంటు, ఇనుము విలువను బిల్లులో కోస్తారు. చేతికి వచ్చిన నగదును యూనిట్ విలువతో పోల్చి మోసం అనుకోవద్దు. కోత పట్టీ అడిగి తీసుకుని, అప్పుడు పోల్చండి.

ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తులో సరిగ్గా ఏమి రాయాలి?

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే చెబుతుంది. కానీ దరఖాస్తుల్లో ఎక్కువ భాగం పనికిరాకుండా పోయేది భాష వల్ల. "నాకు బిల్లు ఎందుకు ఇవ్వలేదు?" అని రాస్తే, "ఎందుకు" అన్నది సమాచారం కాదని ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు. రికార్డులో ఉన్న వస్తువును దాని పేరుతో అడగాలి.

ఒక నమూనా: "నా పేరున మంజూరైన ఇల్లు, ఐడీ నంబరు ఫలానా, గ్రామం ఫలానా, మండలం ఫలానా. దీనికి సంబంధించి: 1. మంజూరు ఉత్తర్వు నకలు. 2. ప్రతి దశ నమోదైన తేదీ, ఆమోదించిన అధికారి హోదా, ఆ దశ ఫోటో. 3. ఎంబుక్ (పని కొలతలు రాసే పుస్తకం)లో నా ఇంటికి సంబంధించిన పేజీల నకళ్లు. 4. విడుదలైన ప్రతి చెల్లింపు ఉత్తర్వు నంబరు, తేదీ, మొత్తం, తిరస్కరణ జరిగి ఉంటే దాని కారణంగా నమోదైన వాక్యం. 5. నా ఐడీ మీద జారీ చేసిన సిమెంటు, ఇనుము, ఇసుక ఇండెంట్లు, గోదాము జారీ రిజిస్టరులో నా సంతకం ఉన్న పేజీ. 6. దశలవారీ చెల్లింపు, మెటీరియల్ కోతల రేట్లను నిర్ణయించిన ప్రభుత్వ ఉత్తర్వు నకలు."

ఆరూ మీ ఇంటికి సంబంధించినవే కాబట్టి తిరస్కరించడానికి దారి ఉండదు. ఊరి మొత్తం లెక్క కావాలంటే వేరే దరఖాస్తు పెట్టండి. రెండూ కలిపితే చిన్నదాన్ని సాకుగా చూపి పెద్దదాన్ని ఆపుతారు.

రుసుము ఎంత? ఎలా కట్టాలి?

మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైవాటికి 10. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, లేదా కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి సెక్షన్ 7(5) కింద ఫీజు లేదు, రేషన్ కార్డు నకలు జత చేయండి. గృహనిర్మాణ లబ్ధిదారుల్లో ఎక్కువమందికి ఇది వర్తిస్తుంది. అయినా డబ్బు కట్టేస్తుంటారు.

నకళ్ల బదులు రికార్డును ఆఫీసులోనే కూర్చుని చూడొచ్చు. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. గోదాము రిజిస్టరు లాంటి లావుపాటి పుస్తకాలకు ఇదే మేలైన దారి. ముందు చూసి, కావలసిన పేజీలకే నకలు అడగండి.

మాది రాజాం వైపు. పాత ఫైలు శ్రీకాకుళంలో ఉందని ఒకరు, విజయనగరంలో ఉందని ఒకరు అంటున్నారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. కాగితాలు మనుషులంత వేగంగా మారవు. పాత ఎంబుక్‌లు, బిల్లు రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో వెతికే పని మీది కాదు. ఇప్పుడు మీ మండలం ఏ జిల్లాలో ఉంటే ఆ పీడీ ఆఫీసుకే దరఖాస్తు ఇవ్వండి. వారి దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో సరైన ఆఫీసుకు వారే పంపించి, ఆ సంగతి మీకు తెలియజేయాలి. "మా దగ్గర లేదు, అక్కడికి వెళ్లండి" అన్న జవాబు చట్టం ఒప్పదు. దరఖాస్తు చివర "అవసరమైతే సెక్షన్ 6(3) కింద బదిలీ చేయగలరు" అని ఒక వాక్యం చేర్చండి.

నాకు ఇదివరకే ఇల్లు ఇచ్చినట్టు కంప్యూటర్లో ఉందట. నేను ఒక్క ఇటుక కూడా చూడలేదు. ఇప్పుడేం చేయాలి?

అన్నింటికన్నా గుండె మండే కేసు ఇది. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం నాటి ఇళ్లలో పేర్లు, రేషన్ కార్డు నంబర్లు మాత్రమే వాడుకుని బిల్లులు ఎత్తిన సందర్భాలున్నాయి. ఆ పాత నమోదు వల్లనే ఈనాడు అసలు పేదకు అనర్హత పడుతోంది.

పీడీ ఆఫీసు నుంచి ఆ పాత ఐడీ మీద మంజూరు తేదీ, ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, బ్యాంకు, శాఖ, సిమెంటు కూపన్లు లేదా జారీ రసీదుల నకళ్లు, ఎంబుక్ పేజీ, జియోట్యాగింగ్ సర్వేలో ఆ ఇంటి గురించి రాసిన వ్యాఖ్య అడగండి. మీ పేరున నమోదైన ఇల్లు కాబట్టి మూడో వ్యక్తి సమాచారం అనే అభ్యంతరం ఇక్కడ నిలవదు. సంతకం మీది కాకపోతే, ఖాతా మీది కాకపోతే, ఆ రెండు కాగితాలతో కలెక్టరుకు అర్జీ పెట్టి క్షేత్ర విచారణ, పాత ఐడీ రద్దు, బాధ్యుల మీద చర్య, మూడూ విడివిడిగా కోరండి. ఒక్క అర్జీలో "న్యాయం చేయండి" అని ముగిస్తే పాత ఐడీ రద్దు కాదు.

నేరుగా "నాకు అర్హత ఇవ్వండి" అని మొదలుపెట్టకండి. పాత నమోదు ఉన్నంతకాలం కంప్యూటరు ప్రతిసారీ పేరు కొట్టేస్తుంది.

"వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అంటున్నారు. ఇది కొత్త చట్టమట?

డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, 2023 ద్వారా ఆర్టీఐలోని సెక్షన్ 8(1)(జె) మారిన మాట నిజం. ఆ మార్పు 2025 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఇదివరకు ఆ క్లాజులోనే ఉన్న ప్రజాప్రయోజనం షరతు ఇప్పుడు అందులో లేదు. అంతమాత్రాన తలుపు మూసుకుపోలేదు. సెక్షన్ 8(2) అలాగే ఉంది: జరిగే నష్టం కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. రాయితీ పొందినవారి వివరాలు ప్రకటించాలన్న సెక్షన్ 4 కూడా అలాగే ఉంది.

అడిగే తీరు మార్చుకోవాలి. ఇతరుల ఆధార్, ఫోన్, ఖాతా నంబర్లు అడగొద్దు, అవి మీకు అక్కర్లేదు కూడా. పేరు, గ్రామం, మంజూరు ఐడీ, దశ, విడుదలైన మొత్తం చాలు. "గోప్యమైన భాగాన్ని తొలగించి మిగతాది సెక్షన్ 10 కింద ఇవ్వగలరు" అని రాయండి.

కాంట్రాక్టరు కట్టిన ఇల్లు. స్లాబ్ కారుతోంది. నాణ్యతకు లెక్క ఎలా అడగాలి?

పునాది నుంచి మాట్లాడుకోవాలి గానీ, స్లాబ్ లెక్క ఒక్కటి తెలిసినా చాలా పట్టుకోవచ్చు. 340 చదరపు అడుగుల ఇంటికి నాలుగు అంగుళాల స్లాబ్ అంటే సుమారు 3.2 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం20 మిశ్రమానికి, అంటే 1:1.5:3 పాళ్లకు, ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాలు కావాలి. స్లాబుకే 25 బస్తాల దాకా వెళ్తాయి. ఇంటి మొత్తానికి చదరపు అడుగుకు 0.4 బస్తా అనే మేస్త్రీల లెక్కన 130 బస్తాలు దాటుతుంది. జారీ రిజిస్టరులో ఇంతకన్నా బాగా తక్కువ ఉంటే ఇల్లు పలచగా కట్టినట్టు, ఇంతే ఉండి ఇల్లు పెళుసుగా ఉంటే సిమెంటు వేరే చోటికి వెళ్లినట్టు అనుమానించాలి.

అడగాల్సిన కాగితాలు: కాంట్రాక్టరు లేదా ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం, అంచనా పట్టిక, క్యూబ్ పరీక్ష నివేదికలు. 15 సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మెలను 28 రోజులు నీటిలో నానబెట్టి నొక్కి చూసే పరీక్ష అది. ఎం20కి చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు రావాలి. నివేదికే లేదంటే పరీక్ష చేయలేదన్నట్టే. ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. సెక్షన్ 2(జె) ప్రకారం పనులను తనిఖీ చేయడం, మెటీరియల్ నమూనాలను ధ్రువీకరించి తీసుకోవడం కూడా సమాచార హక్కులో భాగమే. లేఅవుట్లో పని జరుగుతుండగానే ఇసుక, కంకర, ఇటుక నమూనా అడగొచ్చు. పని అయిపోయాక అడిగితే మిగిలేది కాగితమే.

గుంకలాం లాంటి పెద్ద లేఅవుట్లలో రోడ్డు, నీళ్లు, కరెంటు లెక్క ఎవరిది?

విజయనగరం పక్కన గుంకలాంలో 2020 డిసెంబరు 30న పట్టాల పంపిణీ మొదలైంది. ప్లాట్లు 12 వేలకు పైనే. ఇంత పెద్ద లేఅవుట్లో ఇంటి బిల్లు గృహనిర్మాణ సంస్థది, చదును, రోడ్లు, నీటి లైన్లు, విద్యుత్ లైన్లు వేర్వేరు శాఖలవి. అందుకే ఎవరిని అడిగినా పక్కవారిని చూపిస్తారు. సులువైన దారి: ఆ లేఅవుట్ సమగ్ర అంచనా నివేదికను, శాఖలవారీ పరిపాలనా అనుమతులను పీడీ ఆఫీసు నుంచి అడగండి. అందులో ఏ పని, ఏ శాఖ, ఎంత సొమ్ము అన్నది పట్టికగా ఉంటుంది. తర్వాతి దరఖాస్తు ఆ శాఖకే నేరుగా వెళ్తుంది.

వలస వెళ్లినవారి ఇళ్లలో ఏం చూసుకోవాలి?

ఉపాధి హామీ కూలి. గ్రామీణ ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో సొంత ఇంటి పనికి మైదానంలో 90, కొండ ప్రాంతంలో 95 పనిదినాల కూలి లెక్కగట్టారు. ఇంటివారు ఊళ్లో లేని నెలల్లో మస్టర్ (కూలీల హాజరు పట్టీ) నిండి ఉంటే ఆ కూలి ఎవరికి వెళ్లిందో ఉపాధి పథకం వెబ్‌సైట్‌లో జాబ్‌కార్డు నంబరుతో చూడొచ్చు. ఇంటి ఐడీ మీద ఉన్న పని కోడ్, మస్టర్ నంబర్లు రాసుకుని సామాజిక తనిఖీ బృందం ఊరికి వచ్చినప్పుడు ఇవ్వండి. వారి ముందు, ఆ తర్వాత మండలంలో జరిగే ప్రజావేదికలో చెప్పిన మాట రికార్డవుతుంది, దానిపై అధికారి జవాబు చెప్పాలి. బృందం ఏ తేదీన వస్తుందో సచివాలయంలో ముందే కనుక్కోండి.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే చాలదా?

పని జరగాలంటే గ్రీవెన్స్, రుజువు కావాలంటే ఆర్టీఐ. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, 1100కు ఫోన్ చేసి స్థితి అడగొచ్చు. అయితే "పరిష్కరించబడినది" అని మూసేసిన అర్జీలు చాలా ఉంటాయి. అలా మూసేస్తే తిరిగి తెరవమని అడగండి. ఆ ముగింపుకు ఆధారమైన క్షేత్ర నివేదిక నకలును ఆర్టీఐలో కోరండి. ఊరికి రాకుండా రాసిన నివేదిక అక్కడ దొరుకుతుంది.

30 రోజులు దాటినా జవాబు లేదు.

దరఖాస్తు అందిన రోజు నుంచి 30 రోజులు లెక్క. అందుకే చేతికిస్తే తేదీ ముద్ర వేయించుకోవాలి, లేదా స్పీడ్ పోస్టులో పంపి అందినట్టు ఆధారం దాచుకోవాలి. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి, అది సెక్షన్ 7(6).

ఆపైన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. ఇది అదే సంస్థలోని పై అధికారికి వెళ్తుంది, 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇవ్వకపోవడం సరైనదేనని రుజువు చేసుకోవాల్సిన భారం సెక్షన్ 19(5) కింద అధికారిదే. కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల వరకు జరిమానా వేయగలదు, అది అధికారి జేబు నుంచే పోతుంది. కమిషన్ దగ్గర వాయిదా రావడానికి చాలాకాలం పడుతుంది కాబట్టి మొదటి అప్పీలును గట్టిగా రాయండి. ఏ తేదీన ఏ అంశానికి జవాబు రాలేదో అంశాలవారీగా పెడితే చాలా ఫైళ్లు అక్కడే కదులుతాయి.

సంస్థ మొత్తం జమాఖర్చులను ఎవరు చూస్తారు?

ప్రభుత్వ కంపెనీ కాబట్టి ఆడిటర్‌ను కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నియమిస్తుంది, ఆపైన తానే అనుబంధ తనిఖీ చేయగలదు. వార్షిక నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. ఏ సంవత్సరం దాకా ఖాతాలు ఖరారయ్యాయి, ఆడిట్ అభ్యంతరాలకు సంస్థ ఇచ్చిన సమాధానాలేమిటి అని ప్రధాన కార్యాలయాన్ని ఆర్టీఐలో అడగొచ్చు. జిల్లాకు సంబంధించిన ఆడిట్ పేరాలు పీడీ ఆఫీసులోనే దొరుకుతాయి, స్థానిక విలేకరులకు, సంఘాలకు అవి ఎక్కువ పనికొస్తాయి.

దశ ఎక్కించడానికి డబ్బు అడుగుతున్నారు. ఇచ్చేస్తే నాదీ తప్పవుతుందా?

2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోగా పోలీసులకు గాని దర్యాప్తు సంస్థకు గాని తెలియజేస్తే వారికి ఆ నేరం అంటదు. ఇవ్వకముందే ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చెప్పి వారి సూచన ప్రకారం ఇస్తే అసలు ప్రశ్నే లేదు. ఎవరు, ఏ తేదీన, ఏ దశకు, ఎంత అడిగారో అదే రోజు రాసిపెట్టుకోండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో బంధువుల నంబరుకు వేయమంటే ఆ నంబరు, ఆ సందేశం చెరిపేయకండి. ఆపైన ఆ దశ ఏ తేదీన నమోదైందో ఆర్టీఐలో తీసుకుంటే, డబ్బు అడిగిన తేదీ పక్కన దాన్ని పెట్టి దర్యాప్తు అధికారికి చూపించొచ్చు.